నోడ్‌లో ఒక్క పదం తేడా: ప్లెయిన్ సాకెట్, టీఎల్ఎస్ సాకెట్

జావాస్క్రిప్ట్‌తో సర్వర్ ప్రోగ్రాములు రాసుకునే నోడ్ జేఎస్‌లో మామూలు నెట్‌వర్క్ కనెక్షన్ కావాలంటే నెట్.కనెక్ట్ అని రాస్తారు. మూడో కంట పడకుండా సాగే కనెక్షన్ కావాలంటే టీఎల్ఎస్.కనెక్ట్ అని రాస్తారు. టీఎల్ఎస్ అంటే మాటలను గుప్తంగా మార్చి, ఎదుటివారు ఎవరో కూడా చూసే పద్ధతి. హోస్టు, పోర్టు రెండింటికీ ఇవ్వాల్సిందే. తిరిగి చేతికొచ్చే వస్తువు, అంటే కనెక్షన్‌కు మన వైపు కొస అయిన సాకెట్, కూడా చూడ్డానికి ఒకే రకం: దానికి రైట్ ఉంటుంది, ఎండ్ ఉంటుంది, డేటా ఈవెంట్ వస్తుంది, పైప్ చేస్తే ప్రవహిస్తుంది. టీఎల్ఎస్‌సాకెట్ అనే క్లాసును నెట్.సాకెట్ మీదే కట్టారు కాబట్టి ఈ పోలిక సహజమే. 2009 నవంబరులో బెర్లిన్‌లో జరిగిన జావాస్క్రిప్ట్ సదస్సులో ర్యాన్ డాల్ తాను తయారుచేసిన నోడ్‌ను చూపించినప్పటి నుంచీ దాని ప్రాణం నెట్‌వర్క్ సర్వర్లే. డేటాబేస్ డ్రైవర్ రాసేవారు, మెయిల్ లైబ్రరీ రాసేవారు తమ ప్రోటోకాల్ కోడ్‌ను ఒక్కసారి రాసుకుని, కింద ఏ సాకెట్ పెట్టినా నడిచేలా చూసుకోగలుగుతున్నారంటే ఈ ఏకరూపం చలవే.

చిక్కంతా కూడా అక్కడే ఉంది. పైన ఒకేలా కనిపించే ఈ రెండూ లోపల ఇచ్చే హామీలు వేరు. ప్లెయిన్ సాకెట్ ‘ఆ చిరునామాలో ఎవరో తలుపు తీశారు’ అని మాత్రమే చెబుతుంది. టీఎల్ఎస్ సాకెట్ ‘తలుపు తీసింది ఫలానావారే, మన మాటలు మూడో మనిషికి అర్థం కావు, మధ్యలో ఎవరూ మార్చలేరు’ అని చెప్పాలి. ‘చెప్పాలి’ అనడానికి కారణం ఉంది. అందులోని మొదటి భాగాన్ని, అంటే ఎదుటివారు ఎవరన్న దాన్ని, ఒక్క ఆప్షన్‌తో తీసిపారేయవచ్చు. తీసేశాక కూడా కనెక్షన్ ‘సెక్యూర్’ అనే పిలిపించుకుంటుంది, ఎన్‌క్రిప్షన్ (మాటలను గుప్తంగా మార్చడం) మామూలుగానే జరుగుతుంది, టెస్టులన్నీ పాస్ అవుతాయి. నోడ్ ప్రాజెక్టుల్లో కనిపించే టీఎల్ఎస్ తప్పుల్లో చాలావాటి మూలం ఎన్‌క్రిప్షన్ లేకపోవడంలో లేదు. గుర్తింపు చూడని ఎన్‌క్రిప్షన్‌ను చాలనుకోవడంలో ఉంది.

మొదటి బైటు చెప్పే కథ

టీఎల్ఎస్ అనేది టీసీపీ (రెండు యంత్రాల మధ్య బైట్లను వరుస తప్పకుండా చేరవేసే పద్ధతి) మీద వేసిన ఇంకో పొర. ముందు మామూలు టీసీపీ కనెక్షన్ కుదరాలి, ఆ తర్వాత అదే తీగ మీద హ్యాండ్‌షేక్, అంటే గుర్తింపు చూపి తాళంచెవులు కుదుర్చుకునే తతంగం, నడవాలి. హ్యాండ్‌షేక్ మొదలుపెట్టే క్లయింట్ పంపే మొట్టమొదటి బైటు విలువ ఎప్పుడూ 22. హ్యాండ్‌షేక్ రకం రికార్డుకు టీఎల్ఎస్ ఇచ్చిన సంఖ్య అది. హెచ్‌టీటీపీ క్లయింట్ అయితే ‘గెట్’ అనే మాటతో మొదలుపెడుతుంది, దాని మొదటి అక్షరం విలువ 71. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం ఎర్రర్ మెసేజ్‌లు తేలిగ్గా విడిపోతాయి.

ఉదాహరణకు ‘రాంగ్ వర్షన్ నంబర్’ అనే ఎర్రర్. ఇది చూసి చాలామంది టీఎల్ఎస్ వెర్షన్లతో కుస్తీ పడతారు, నోడ్ లోపల టీఎల్ఎస్ పని చేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీని అప్‌డేట్ చేస్తారు, సైఫర్ల (ఎన్‌క్రిప్షన్ పద్ధతుల) జాబితాలు మారుస్తారు. ఎక్కువసార్లు అసలు సంగతి చాలా చిన్నది: టీఎల్ఎస్ క్లయింట్ వెళ్లి ప్లెయిన్ పోర్టు తలుపు తట్టింది. అవతలి హెచ్‌టీటీపీ సర్వర్‌కు ఆ బైట్లు అర్థంకాక 400 అని మామూలు అక్షరాల్లో జవాబిచ్చింది. ఆ అక్షరాలను టీఎల్ఎస్ రికార్డుగా చదవబోయిన ఓపెన్ఎస్ఎస్ఎల్, వెర్షన్ ఉండాల్సిన చోట పొంతనలేని అంకె కనిపించి అలా ఫిర్యాదు చేసింది. మార్చాల్సింది పోర్టు నంబరు, లేదా చిరునామాలో ఒక ‘ఎస్’ అక్షరం. దీనికి తిరగేసిన తప్పు, అంటే ప్లెయిన్ క్లయింట్ వెళ్లి టీఎల్ఎస్ పోర్టుతో మాట్లాడటం జరిగినప్పుడు సర్వర్ వైపు టీఎల్ఎస్‌క్లయింట్‌ఎర్రర్ ఈవెంట్ వస్తుంది. దాన్ని వినేవారు లేకపోతే ఆ ఫిర్యాదు ఎక్కడా లాగ్ కాదు, క్లయింట్‌కు మాత్రం కనెక్షన్ తెగిపోయినట్టు కనిపిస్తుంది.

ఈ బైటునే ఉపయోగానికి వాడుకునేవారూ ఉన్నారు. ఒకే పోర్టు మీద రెండు రకాల క్లయింట్లనూ చేర్చుకోవాలంటే, నెట్ సర్వర్‌తో కనెక్షన్ తీసుకుని, మొదటి ముక్క చదివి, దాన్ని అన్‌షిఫ్ట్‌తో సాకెట్‌లోకి తిరిగి నెట్టి, మొదటి బైటు 22 అయితే హెచ్‌టీటీపీఎస్ సర్వర్‌కు, లేకుంటే హెచ్‌టీటీపీ సర్వర్‌కు కనెక్షన్ ఈవెంట్‌గా అప్పగిస్తారు. డెవలప్‌మెంట్ టూల్స్‌లో ఇది ముచ్చటగా పనిచేస్తుంది. నలుగురికీ తెరిచిన సర్వర్‌లో మాత్రం ఈ ముచ్చట ఎందుకన్నది ఆలోచించుకోవాల్సిందే. ప్లెయిన్ దారి ఉందని తెలిశాక ఎవరో ఒకరు అదే దారిన పాస్‌వర్డ్ పంపక మానరు.

కనెక్ట్ అయింది, కానీ ఇంకా కాలేదు

రెండు పొరలున్నాయి కాబట్టి కనెక్షన్ ‘కుదిరిన’ క్షణాలు కూడా రెండు. టీసీపీ కుదరగానే కనెక్ట్ ఈవెంట్ వస్తుంది. హ్యాండ్‌షేక్ పూర్తయ్యాక సెక్యూర్‌కనెక్ట్ వస్తుంది. సర్వర్ వైపు ఇదే జంట కనెక్షన్, సెక్యూర్‌కనెక్షన్ అనే పేర్లతో కనిపిస్తుంది. నెట్‌తో రాసిన పాత కోడ్‌లో నెట్ అన్నచోట టీఎల్ఎస్ అని మార్చి పని ముగిసిందనుకునేవారు కనెక్ట్ ఈవెంట్‌నే పట్టుకుని ఉండిపోతారు. అది వచ్చేసరికి అవతలివారి సర్టిఫికెట్, అంటే ఒక సంస్థ సంతకం చేసిన గుర్తింపు పత్రం, ఇంకా అందనే లేదు. ‘డేటాబేస్‌తో సెక్యూర్‌గా కనెక్ట్ అయ్యాం’ అని లాగ్‌లో రాసిన మరుక్షణం సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చే ప్రోగ్రాములు ఇలా పుట్టినవే.

గడువుల విషయంలోనూ ఈ రెండు పొరలను వేరువేరుగానే చూడాలి. టీఎల్ఎస్ సర్వర్ హ్యాండ్‌షేక్ కోసం అప్రమేయంగా, అంటే మనమేమీ చెప్పకపోతే, 120 సెకన్లు ఆగుతుంది. తర్వాత తెంపేస్తుంది. క్లయింట్ వైపు అలాంటి కాపలా లేదు. సాకెట్.సెట్‌టైమౌట్ పెట్టి ధీమాగా ఉండేవారు గమనించాల్సిందేమంటే, ఆ గడువు దాటితే ఒక ఈవెంట్ వస్తుందంతే. సాకెట్‌ను మూసేది మాత్రం రాసినవారే.

ఎదుట ఉన్నది ఎవరు

క్లయింట్‌గా వెళ్లే టీఎల్ఎస్ కనెక్షన్‌లో నమ్మలేని సర్టిఫికెట్ వస్తే తిరస్కరించమనే రిజెక్ట్‌అన్‌ఆథరైజ్డ్ అనే ఆప్షన్ ఇప్పుడు అప్రమేయంగా ట్రూ. ఎప్పుడూ ఇలా లేదు. తొలినాళ్ల నోడ్ సర్టిఫికెట్‌ను తీసుకునేది, కానీ అది నమ్మదగినదో కాదో తేల్చే బాధ్యత రాసేవారికే వదిలేసేది. రాసేవారు సహజంగానే వదిలేసేవారు. 2013లో వచ్చిన 0.10 వెర్షన్‌తో ఈ అప్రమేయం మారింది. అంతకుముందు ఏడాదే స్టాన్‌ఫర్డ్, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్‌లో సర్టిఫికెట్ తనిఖీ ఎంత అధ్వానంగా ఉందో పరిశీలించి ప్రచురించారు. చెల్లింపుల ఎస్‌డీకేలు, క్లౌడ్ లైబ్రరీలు కూడా ఎవరు ఏ సర్టిఫికెట్ చూపించినా ఒప్పుకుంటున్నట్టు అందులో తేలింది. నోడ్ ఒక్కదానికే పట్టిన రోగం కాదన్నమాట.

అప్రమేయం మారినా అలవాటు మారలేదు. ‘సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఇన్ సర్టిఫికెట్ చైన్’ అన్న ఎర్రర్ కనిపించగానే రిజెక్ట్‌అన్‌ఆథరైజ్డ్‌ను ఫాల్స్ చేయడం నేటికీ కొనసాగుతున్న ఆచారం. అంతకన్నా దారుణం, నోడ్_టీఎల్ఎస్_రిజెక్ట్_అన్‌ఆథరైజ్డ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 0 చేయడం. మొదటిది ఒక కనెక్షన్‌కు పరిమితం. రెండోది ఆ ప్రాసెస్‌లోని ప్రతి టీఎల్ఎస్ కనెక్షన్‌నూ, చెల్లింపు గేట్‌వేతో మాట్లాడేదాన్ని కూడా కలుపుకుని, కళ్లు మూసుకునేలా చేస్తుంది. నోడ్ ఇలా చేయడం ప్రమాదమని తెర మీద హెచ్చరిక వేస్తుంది. హెచ్చరికలు కనిపించకుండా చేసే మరో ఫ్లాగ్ ఉందని మనవాళ్లకు తెలుసు కాబట్టి దాని వల్ల పెద్దగా ఒరిగింది లేదు.

తనిఖీ తీసేస్తే ఏమవుతుంది? హ్యాండ్‌షేక్ జరుగుతుంది, తాళంచెవులు మారతాయి, మాటలన్నీ గుప్తంగానే వెళ్తాయి. కాకపోతే ఆ తాళంచెవులు ఎవరితో మార్చుకున్నామో తెలియదు. దారిలో కూర్చున్నవాడు అప్పటికప్పుడు తయారుచేసుకున్న సర్టిఫికెట్ చూపించి, మనతో ఒక గుప్త కనెక్షన్, అసలు సర్వర్‌తో మరో గుప్త కనెక్షన్ నడిపి, మధ్యలో అంతా చదువుకోవచ్చు. దొంగచేతికి తాళాలిచ్చి తలుపు గట్టిగా వేసుకున్నామని సంబరపడటం లాంటిదిది. సాకెట్ మాత్రం నిజం దాచదు. ఆథరైజ్డ్ అనే ప్రాపర్టీ ఫాల్స్ అని, కారణం ఆథరైజేషన్‌ఎర్రర్‌లో ఉందని చెబుతూనే ఉంటుంది. చూసేవారుంటేగా.

ఈ ఎర్రర్ నిజంగా ఎందుకొస్తుందన్న దానికి క్లౌడ్ డేటాబేస్ మంచి ఉదాహరణ. అమెజాన్ వారి డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో పెట్టిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్, అది ముంబైలో ఉన్నా, 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో ఉన్నా, అమెజాన్ సొంత ఆర్‌డీఎస్ సర్టిఫికెట్ సంస్థ సంతకం చేసిన సర్టిఫికెట్ చూపిస్తుంది. ఆ సంస్థ నోడ్ నమ్మే జాబితాలో లేదు. కాబట్టి నోడ్ తిరస్కరించడం సబబే. దీనికి మందు అమెజాన్ అందరికీ అందుబాటులో పెట్టిన సర్టిఫికెట్ల బండిల్ ఫైలును దించుకుని, సీఏ అనే ఆప్షన్‌లో ఇవ్వడం. పని రెండు లైన్లు. తనిఖీని తీసేయడం ఒక్క లైను. ఆ ఒక్క లైను తేడాకే ఎన్నో డేటాబేస్ కనెక్షన్లు అపరిచితులకు నమస్కారం పెడుతున్నాయి. నోడ్‌లో పోస్ట్‌గ్రెస్ కోసం ఎక్కువగా వాడే పీజీ డ్రైవర్ కూడా చాలాకాలం ఈ తనిఖీ లేకుండానే నడిచింది. 2020లో వచ్చిన 8వ వెర్షన్‌లో తనిఖీని అప్రమేయం చేయగానే, అంతవరకు ‘పనిచేస్తున్న’ ప్రాజెక్టులు ఎర్రర్లు చూపడం మొదలుపెట్టాయి. వాటిలో కొన్ని సరిదిద్దుకున్నాయి, చాలావాటిలో పాత ప్రవర్తనను తెచ్చే ఆ లైనే చేరింది.

సీఏ ఆప్షన్‌లో ఒక మెలిక ఉంది. అందులో ఇచ్చిన సర్టిఫికెట్లు నోడ్ జాబితాకు కలవవు, ఆ జాబితా స్థానంలోకి వస్తాయి. ఆర్‌డీఎస్ లాంటి ఒకే గమ్యానికి అదే మేలు: మా డేటాబేస్‌కు ఈ ఒక్క సంస్థ సంతకమే చెల్లుతుంది, మిగతా లోకంతో పనిలేదు అని చెప్పినట్టు. కానీ అదే ఆప్షన్‌ను మొత్తం అప్లికేషన్ వాడే హెచ్‌టీటీపీఎస్ ఏజెంట్‌లో (కనెక్షన్లను నిర్వహించే వస్తువులో) పెడితే, బయటి ఏపీఐలన్నీ ఒక్కసారిగా తిరస్కరణకు గురవుతాయి. జాబితాకు అదనంగా కలపాలంటే నోడ్_ఎక్స్‌ట్రా_సీఏ_సర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. దాన్ని ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే చదువుతుంది, మధ్యలో మార్చినా పట్టించుకోదు. కోడ్‌లో సీఏ ఇచ్చిన కనెక్షన్‌కు అది వర్తించదు కూడా.

ఇంతకీ నోడ్ నమ్మే ఆ జాబితా ఎవరిది? మొజిల్లాది. ఫైర్‌ఫాక్స్ కోసం మొజిల్లా నిర్వహించే మూల సర్టిఫికెట్ల జాబితానే నోడ్ తనలో ఇముడ్చుకుని వస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ జాబితాను అప్రమేయంగా చూడదు. ఆఫీసు నెట్‌వర్క్‌లో బ్రౌజర్ బాగానే పనిచేస్తూ నోడ్ మాత్రం మొండికేయడానికి కారణమిదే. ఆఫీసు ప్రాక్సీ (బయటికెళ్లే కనెక్షన్లకు మధ్యలో నిలిచే సర్వర్) సర్టిఫికెట్‌ను ఐటీ విభాగం విండోస్‌లో ఎక్కించి ఉంటుంది, నోడ్‌కు ఆ సంగతి తెలియదు. ఈ మధ్య వచ్చిన వెర్షన్లలో, 22.15, 23.8 మొదలుకొని, సిస్టమ్ జాబితాను కూడా చూడమని చెప్పే ఫ్లాగ్ చేరింది.

ఎవరి జాబితా అన్నది ఎంత పెద్ద ప్రశ్నో చెప్పే ఉదంతం మన దేశంలోనే ఉంది. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ పేరుమీదున్న సర్టిఫికెట్ సంస్థ నుంచి గూగుల్ డొమైన్లకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ గుర్తించి ప్రకటించింది. భారత ప్రభుత్వ సర్టిఫికెట్ నియంత్రణాధికారి మూల సర్టిఫికెట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండటంతో విండోస్ మీద ఆ జాబితాను వాడే ప్రోగ్రాములు వాటిని నమ్మే ప్రమాదం ఏర్పడింది. మొజిల్లా జాబితాలో అది లేదు కాబట్టి ఫైర్‌ఫాక్స్‌కు ఆ బెడద లేకపోయింది. సిస్టమ్ జాబితా ఫ్లాగ్‌ను సర్వర్ల మీద అనాలోచితంగా పెట్టేవారు ఈ తేడాను గుర్తుంచుకోవడం మంచిది.

సంతకం సరైనదైతే చాలా? చాలదు, పేరు కూడా సరిపోవాలి. చెక్‌సర్వర్‌ఐడెంటిటీ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది. పేరు కుదరకపోతే ఎర్రర్ వస్తువును తిరిగిస్తుంది, కుదిరితే ఏమీ ఇవ్వదు. ఏమీ ఇవ్వని ఖాళీ ఫంక్షన్‌ను దాని స్థానంలో పెడితే పేరు తనిఖీ గుట్టుచప్పుడు కాకుండా మాయమవుతుంది. రిజెక్ట్‌అన్‌ఆథరైజ్డ్ ట్రూగానే ఉంటుంది కాబట్టి కోడ్ రివ్యూలో ఎవరి కంటా పడదు. అప్పుడు లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి తన సొంత డొమైన్‌కు ఉచితంగా సర్టిఫికెట్ తీసుకున్న ఎవరైనా ఆ క్లయింట్‌కు బ్యాంకు సర్వర్‌గా చలామణీ కావచ్చు.

నడుమ దారిలో తాళం వేయడం

ప్లెయిన్‌గా మొదలై మధ్యలో టీఎల్ఎస్‌కు మారే కనెక్షన్లు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా సున్నితమైనవి. మెయిల్‌లో దీన్ని స్టార్ట్‌టీఎల్ఎస్ అంటారు. 25, 587 పోర్టుల్లో నడిచేది ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో క్లయింట్ ముందుగా ఎనిమిది బైట్ల అభ్యర్థన పంపుతుంది: పొడవు 8, తర్వాత 80877103 అనే సంఖ్య. సర్వర్ ఒకే ఒక్క అక్షరంతో జవాబిస్తుంది, ఎస్ అయితే టీఎల్ఎస్‌కు సరే, ఎన్ అయితే కుదరదు. ఎస్ వచ్చాక అదే సాకెట్‌ను టీఎల్ఎస్.కనెక్ట్‌కు సాకెట్ ఆప్షన్‌గా ఇస్తే, నోడ్ దాని చుట్టూ టీఎల్ఎస్ పొర కడుతుంది. ప్రాక్సీ వెనక నుంచి వెళ్లేటప్పుడు కనెక్ట్ మెథడ్‌తో సొరంగం తవ్వి, ఆ సొరంగంలో టీఎల్ఎస్ నడపడం కూడా ఇదే పద్ధతి.

ఇక్కడ మూడు గోతులున్నాయి, మూడింటి లోతూ ఒకటి కాదు.

ఎన్ అని జవాబొస్తే ఏం చేయాలన్నది అన్నిటికన్నా లోతైనది. ఆ అక్షరం ప్లెయిన్‌గానే వస్తుంది, దారిలో ఉన్నవాడు ఎస్‌ను ఎన్‌గా మార్చగలడు. పోస్ట్‌గ్రెస్ అధికారిక సీ లైబ్రరీలో అప్రమేయ వైఖరి పేరు ప్రిఫర్: టీఎల్ఎస్ దొరికితే వాడు, దొరక్కపోతే ప్లెయిన్‌గానే కానివ్వు. చెవి ఒగ్గి వినేవాడి నుంచి ఇది కొంత కాపాడుతుంది. మాట మార్చగలవాడి ముందు మాత్రం ఉన్నా లేనట్టే. పీజీ డ్రైవర్ ఈ విషయంలో ఖచ్చితంగా ఉంటుంది. ఎస్ఎస్ఎల్ (టీఎల్ఎస్‌కు పాత పేరు) అడిగినప్పుడు ఎన్ వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సొంతంగా ప్రోటోకాల్ రాసేవారు నేర్చుకోవాల్సిన పద్ధతి అదే.

రెండోది, మార్పు జరిగే క్షణానికి ముందే వచ్చిపడిన బైట్లు. ఎస్ అక్షరంతో పాటే దారిలో ఉన్నవాడు కొన్ని ప్లెయిన్ బైట్లు జతచేస్తే, లైబ్రరీ వాటిని తన బఫర్‌లో దాచుకుని, హ్యాండ్‌షేక్ అయ్యాక గుప్తంగా వచ్చినవే అనుకుని చదివే ప్రమాదం ఉంది. 2011లో పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌లో ఇదే లోపం బయటపడింది, దాని కర్త వీట్సె వెనెమా స్వయంగా వివరంగా ప్రకటించారు. పదేళ్ల తర్వాత, 2021 నవంబరులో, పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లోనూ క్లయింట్ లైబ్రరీలోనూ అదే జాతి లోపాలు సరిచేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే స్టార్ట్‌టీఎల్ఎస్‌ను పనిగట్టుకుని పరిశీలించిన పరిశోధకులకు మెయిల్ క్లయింట్లలో, సర్వర్లలో కలిపి 40కి పైగా లోపాలు దొరికాయి. నోడ్ విషయానికొస్తే, సాకెట్ సొంత బఫర్‌లో మిగిలిన బైట్లను టీఎల్ఎస్ పొరకే అందిస్తుంది. అవి హ్యాండ్‌షేక్‌లా లేకపోతే కనెక్షన్ విఫలమవుతుంది. లైబ్రరీ తన పార్సర్‌లో విడిగా దాచుకున్న ముక్కల సంగతి మాత్రం నోడ్‌కు తెలియదు. మారే ముందు పాత డేటా లిజనర్‌ను తీసేయడం, పార్సర్ బఫర్ ఖాళీగా లేకపోతే కనెక్షన్‌నే తెంపేయడం రాసేవారి పని.

మూడోది చిన్నదే కానీ గంటలు తినేది. సాకెట్‌ను చేతికిచ్చినప్పుడు అది ఏ పేరున్న హోస్టుకు వెళ్లిందో టీఎల్ఎస్.కనెక్ట్‌కు చెప్పాలి. సర్వర్‌నేమ్ గానీ హోస్ట్ గానీ దొరక్కపోతే అది చివరికి సొంత యంత్రానికి వాడే లోకల్‌హోస్ట్ అనే పేరుతో పోల్చి చూస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కు వెళ్తూ ‘సర్టిఫికెట్‌లో లోకల్‌హోస్ట్ లేదు’ అన్న ఎర్రర్ చూసి తల గోక్కునేవారందరి సమస్య ఇదే. దాన్ని తట్టుకోలేక చెక్‌సర్వర్‌ఐడెంటిటీని ఖాళీ చేసేవారున్నారు. సర్వర్‌నేమ్ అనే ఒక్క మాట ఇస్తే సరిపోయేది. ఆ పేరు హ్యాండ్‌షేక్‌లో సర్వర్‌కూ అందుతుంది, ఒకే ఐపీ మీద పది డొమైన్లున్నప్పుడు ఏ సర్టిఫికెట్ చూపాలో దానికి తెలుస్తుంది. అక్కడ ఐపీ అంకెలు ఇవ్వకూడదు, నోడ్ అందుకు విడిగా హెచ్చరిక ఇస్తుంది. హెచ్‌టీటీపీఎస్ మాడ్యూల్ ఈ పేరును తానే నింపుకుంటుంది కాబట్టి దాని మీదే పెరిగినవారికి ఈ అవసరం ఉందనే తెలియదు.

ఇన్ని గోతులున్నాయి కాబట్టే గాలి మొదటి బైటు నుంచే టీఎల్ఎస్ వైపు మళ్లింది. మెయిల్ పంపడానికి స్టార్ట్‌టీఎల్ఎస్ కన్నా నేరుగా టీఎల్ఎస్‌తో మొదలయ్యే 465 పోర్టే మేలని ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం 2018లో సూచించింది. 2024లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17 కూడా ఎస్, ఎన్‌ల తతంగం లేకుండా నేరుగా హ్యాండ్‌షేక్‌తో మొదలుపెట్టే దారి తెరిచింది.

ప్లెయిన్‌కూ చోటుంది

ఇదంతా చదివితే ప్లెయిన్ సాకెట్ వాడటమే నేరమనిపించవచ్చు. నిజానికి నోడ్ సర్వర్లలో పెద్ద భాగం ప్లెయిన్‌గానే నడుస్తాయి, ముందు ఎన్‌జింక్స్ లాంటి వెబ్ సర్వర్ టీఎల్ఎస్ భారం మోస్తుంది. అదే యంత్రంలో, 127.0.0.1 మీద, ఎన్‌జింక్స్‌కూ నోడ్‌కూ మధ్య ప్లెయిన్ కనెక్షన్ ఉండటంలో తప్పులేదు. యూనిక్స్ డొమైన్ సాకెట్ అయితే ఇంకా మేలు. పోర్టుకు బదులు ఫైలు దారి ఇస్తే చాలు, నెట్‌వర్క్ ఊసే ఉండదు, ఎవరు తెరవవచ్చన్నది ఫైలు అనుమతులే చూసుకుంటాయి.

తప్పు జరిగేది లిజెన్ దగ్గర, అంటే ఏ పోర్టులో వినాలో సర్వర్‌కు చెప్పే చోట. లిజెన్‌కు 3000 అని పోర్టు మాత్రమే ఇచ్చి హోస్టు ఇవ్వకపోతే, నోడ్ లోకల్‌హోస్ట్‌కు పరిమితం కాదు, ఆ యంత్రానికున్న అన్ని చిరునామాల మీదా వింటుంది. ఎన్‌జింక్స్‌లో సర్టిఫికెట్ మెరుస్తూ ఉంటుంది, పక్కనే 3000 పోర్టులో అదే అప్లికేషన్ లోకానికి ప్లెయిన్‌గా దొరుకుతుంది. వీధి తలుపుకు ఇత్తడి తాళం, పెరటి తలుపు బార్లా. పైగా ఆ దారిన వచ్చినవారు అసలు కనెక్షన్ హెచ్‌టీటీపీఎస్సా కాదా అని ప్రాక్సీ చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ను తామే రాసి పంపితే, ప్రాక్సీని నమ్మమని చెప్పిన ఎక్స్‌ప్రెస్ (నోడ్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్ ఆ కనెక్షన్‌ను సెక్యూర్ అనే అనుకుంటుంది. లిజెన్‌లో 127.0.0.1 అని రెండో మాట చేర్చడమే దీనికి విరుగుడు. డాకర్ కంటెయినర్‌లో అలా చేస్తే బయటి నుంచి అందదు కాబట్టి, అక్కడ ఏ పోర్టు బయటపెట్టాలన్నది డాకర్ వైపు తేల్చుకోవాలి.

లోకల్‌హోస్ట్ అనే పేరు కూడా ఒకప్పటిలా లేదు. 2021లో వచ్చిన నోడ్ 17 నుంచి డీఎన్ఎస్ ఇచ్చిన వరుసనే పాటించడంతో, చాలా యంత్రాల్లో ఆ పేరుకు ::1 (అదే యంత్రానికి ఐపీవీ6 చిరునామా) ముందు రావడం మొదలైంది. 127.0.0.1 మీదే వింటున్న సర్వర్లకు ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ ఎర్రర్లు వెల్లువెత్తాయి. నోడ్ 20 రెండు రకాల చిరునామాలనూ ప్రయత్నించి చూడటాన్ని అప్రమేయం చేశాక ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది.

ఒక యంత్రం దాటి పక్క యంత్రానికి వెళ్లేటప్పుడు, ‘మన ప్రైవేటు నెట్‌వర్కే కదా’ అన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది? గోడలకు చెవులుంటాయన్నది ఈ రంగంలో 2013 అక్టోబరులో రుజువైంది. గూగుల్, యాహూ డేటా సెంటర్ల మధ్య తీగల నుంచి అమెరికా, బ్రిటన్ నిఘా సంస్థలు డేటా తోడుకుంటున్నట్టు వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. ఆ కథనంతో వచ్చిన చేతిరాత బొమ్మలో, గూగుల్ ముంగిట సర్వర్ దగ్గర బాణం గుర్తు పెట్టి, ఎస్ఎస్ఎల్‌ను కలిపేదీ తీసేదీ ఇక్కడే అని రాసి, పక్కన నవ్వు ముఖం గీశారు. ముంగిట తాళం తీసి లోపలంతా ప్లెయిన్‌గా నడిపే పద్ధతికి అంతకన్నా సూటి విమర్శ దొరకదు. చిన్న సంస్థలకు అలాంటి శత్రువులు ఉండకపోవచ్చు. కానీ అదే ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఒక్క పాత సర్వర్ దొంగల చేతికి చిక్కితే, అక్కడి నుంచి వారికి దొరికేదేమిటన్న ప్రశ్న అందరిదీ.

ఖర్చు, గడువు

టీఎల్ఎస్ నెమ్మదిస్తుందన్న ఫిర్యాదులో ఈ రోజుల్లో లెక్కకు వచ్చేది ఎన్‌క్రిప్షన్ భారం కన్నా రానుపోను ప్రయాణాలే. హైదరాబాద్ నుంచి అమెరికాలోని సర్వర్‌కు ఒక రానుపోను 200 మిల్లీసెకన్లు అనుకుంటే, ప్లెయిన్ టీసీపీలో మొదటి అభ్యర్థన 200 తర్వాత బయల్దేరుతుంది. టీఎల్ఎస్ 1.2తో 600 పడుతుంది, 2018లో ప్రమాణమైన 1.3తో 400. నోడ్ 12 నుంచి 1.3 అందుబాటులో ఉంది, 1.2 కన్నా పాతవి అప్రమేయంగా చెల్లవు. ప్రతి అభ్యర్థనకూ కొత్త కనెక్షన్ తెరిచే కోడ్‌కే ఈ భారం. కనెక్షన్‌ను నిలబెట్టుకుని మళ్లీ వాడే కీప్‌అలైవ్ ఏజెంట్ ఉంటే ఒక్కసారి కట్టిన సుంకం చాలాసేపు వస్తుంది. నోడ్ 19 నుంచి గ్లోబల్ ఏజెంట్‌లో అదే అప్రమేయం.

రాబోయే రోజుల్లో ఇంకో రకం పని పెరగనుంది. సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయుష్షు 398 రోజుల నుంచి 2026 మార్చిలో 200కు, 2027 మార్చిలో 100కు, 2029 మార్చిలో 47కు తగ్గించాలని సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ల ఉమ్మడి వేదిక 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. ఏడాదికోసారి ఫైలు మార్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేసే అలవాటు దీని ముందు నిలవదు. నోడ్‌లో నేరుగా టీఎల్ఎస్ నడిపేవారికి సర్వర్.సెట్‌సెక్యూర్‌కాంటెక్స్ట్ అనే మెథడ్ ఉంది. కొత్త కీ, కొత్త సర్టిఫికెట్ ఇస్తే ఆ క్షణం నుంచి వచ్చే హ్యాండ్‌షేక్‌లకు అవే వర్తిస్తాయి, నడుస్తున్న కనెక్షన్లు తెగవు. రోజుల తరబడి తెరిచి ఉండే వెబ్‌సాకెట్ కనెక్షన్లు మాత్రం తమ హ్యాండ్‌షేక్ నాటి పాత సర్టిఫికెట్‌నే పట్టుకుని ఉంటాయి, దాని గడువు తీరిపోయినా సరే. అవతలి సర్టిఫికెట్‌ను నోడ్ పరిశీలించేది తలుపు దగ్గర ఒక్కసారే.